ఒక్క పాయింటు తేడా

ఆర్తు తన ఐస్ హాకీ కర్రకు నల్ల టేపు చుడుతున్నాడు. కర్ర కింది వంపు దగ్గర మొదలుపెట్టి కొస దాకా, ఒక చుట్టు మీద రెండో చుట్టు సగం ఎక్కేలా, ఎక్కడా ముడత రాకుండా చుట్టాడు. తర్వాత మైనపు ముద్దతో రుద్దాడు. చిన్నప్పుడు నేర్చుకున్న పని, చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. కళ్ళకు పని ఉండదు కాబట్టి అవి ఎదురు గోడ మీదికి పోతాయి. అక్కడ తోటి ఆటగాడు యూసో కొక్కేనికి బంగారు రంగు హెల్మెట్ వేలాడుతోంది.

జట్టులో ఎక్కువ పాయింట్లు ఉన్నవాడు ఆ హెల్మెట్ పెట్టుకుని ఆడాలి. మిగతా వాళ్ళందరి తలలూ నీలం. ఆట ఓనమాలు తెలియని ముసలమ్మ కూడా మంచు మీద ఆ మెరిసే తల ఎక్కడుందో వెతుక్కుంటుంది. కొర్పిసల్మి ఊరి క్లబ్బుకు డబ్బు తక్కువ. ఫిన్లాండు రెండో లీగులో అదీ ఒక జట్టు, అంతే. అందుకని ఉన్నది ఒకటే బంగారు హెల్మెట్. ఎవరి తల మీదికి మారితే వాళ్ళ కొలతకు సామాన్లు చూసుకునే ఒస్మో మరలు తిప్పి బిగిస్తాడు. ఈ చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఆయన ఆ మరల జోలికి పోలేదు.

ఆర్తుకు యూసో అంటే అసూయ. దానికి ఇంకో మంచి పేరు పెట్టి ప్రయోజనం లేదు. ఇద్దరూ ఫార్వర్డులే, ఒకే వరుసలో పక్కపక్కన ఆడతారు, ఒకే వీధిలో పెరిగారు. ఇద్దరికీ ఒక్క పాయింటు తేడా.

"ఏరా, అట్లా చూస్తే కరిగి కారిపోతుందనుకున్నావా?" అన్నాడు ఒస్మో, స్కేట్లకు సాన పట్టి తెస్తూ. "అది ఉత్త ప్లాస్టిక్ రా."

"నేను గడియారం చూస్తున్నా."

"గడియారం ఈ గోడకుంది, నాయనా."

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆర్తు కూడా నవ్వినట్టు పెదవులు కదిపాడు.

అప్పుడే యూసో లోపలికొచ్చాడు. సన్నటి మనిషి, స్కేట్ల తాళ్ళు ఎప్పుడూ సగమే కడతాడు, జుట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. వస్తూనే బల్ల మీదున్న ఆర్తు కాఫీ ఎత్తి ఒక గుక్క తాగాడు. "ఛీ, పంచదార వెయ్యలేదేంట్రా?"

"నీ కోసం పెట్టుకోలేదు."

"అలవాటు చేసుకో మరి," అంటూ ఇంకో గుక్క తాగి పెట్టేశాడు. తర్వాత వంగి, తన చోట నేల మీద పడి ఉన్న పాత టేపు ఉండలన్నీ ఏరి చెత్తబుట్టలో వేశాడు. ఇన్నేళ్ళలో యూసో టేపు ఉండ ఏరగా ఎవరూ చూడలేదు. వాటిని తొక్కి జారిపడబోయినవాళ్ళలో ఆర్తు మొదటివాడు. 'బంగారు తలకాయకు ఇప్పుడు వినయం కూడా వచ్చిందన్నమాట' అనుకున్నాడు ఆర్తు. వాడేం చేసినా ఆర్తుకు కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టే ఉంటుంది. చెయ్యకపోయినా అంతే.

మధ్యాహ్నం తన గదిలో మకరోని వేడి చేసుకుని తింటుంటే అమ్మ ఫోన్ చేసింది. ఏం తింటున్నావని అడిగింది, మేజోళ్ళు ఆరాయా అని అడిగింది, చివరికి అసలు సంగతికి వచ్చింది.

"రేపు సాల్మన్ చేప పులుసు పెడుతున్నా. యూసోను కూడా తీసుకురా. చిక్కిపోయాడు పిల్లాడు."

"వాడు పుట్టినప్పట్నుంచీ అట్లాగే ఉన్నాడమ్మా."

"నీకెప్పుడూ వాడి మీద ఏడుపే," అంది అమ్మ, తేలిగ్గా, వాతావరణం గురించి మాట్లాడినట్టు.

ఆ ఏడుపు ఎక్కడ మొదలైందో ఆర్తుకు బాగా గుర్తు. యూసో వాళ్ళమ్మ ఒంటరి మనిషి, కాగితం మిల్లులో షిఫ్టుల పని. ఆర్తు కాలికి ఇరుకైన స్కేట్లన్నీ ఏటా యూసోకు వెళ్ళేవి. మొదటి జత ఇచ్చిన రోజు, బడి వెనక నీళ్ళు పోసి గడ్డకట్టించిన మైదానంలో యూసో రెండుసార్లు పడ్డాడు, మూడోసారి లేచి పెద్దపిల్లల మధ్యలోంచి దూసుకుపోయాడు. ఆ స్కేట్లతోనే ఆర్తు ఏడాదంతా తప్పటడుగులు వేశాడు. ఇంటికెళ్ళి, నావి నాకు ఇప్పించమని రాగం తీశాడు. "నీ కాలికి పట్టవు కదరా," అంది అమ్మ. అప్పట్నుంచీ ఊళ్ళో ఎవరు యూసోను మెచ్చుకున్నా, వాడి కాళ్ళకున్నవి నావి అని అరవాలనిపించేది ఆర్తుకు. ఒక్కసారి, ఒక్క ఆటకైనా, ఆ బంగారు హెల్మెట్ తన తల మీద మెరిస్తే ఆ లెక్క తీరిపోతుందని అతని నమ్మకం.

ఆ రోజే శనివారం, ఆట సాయంత్రం అయిదింటికి. హాలులో కాఫీ వాసన, కాల్చిన సాసేజీ వాసన. మిల్లువాళ్ళు ఉన్ని టోపీలు పెట్టుకుని ఎప్పటి చోట్లలో కూర్చున్నారు. ఆట మొదలైన కాసేపటికే ఆర్తు గోడవార నుంచి పక్‌ను, ఆ నల్ల రబ్బరు బిళ్ళను, మధ్యకు తోశాడు, యూసో అందుకుని కొట్టాడు, గోల్. హాలంతా లేచి నిలబడింది.

ఆర్తుకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు, అందించినవాడికీ ఒక పాయింటు. వాడు అందించి తను కొట్టినా అంతే, తను అందించి వాడు కొట్టినా అంతే. ఇద్దరూ కలిసి ఎన్ని గోల్స్ చేసినా ఆ ఒక్క పాయింటు తేడా అట్లాగే ఉంటుంది. కోచ్ వాళ్ళను విడదీయడు. విడదీస్తే జట్టు ఓడిపోతుంది.

రెండో విరామానికి కాస్త ముందు ఇద్దరికీ దారి దొరికింది. ఎదురుగా ఒక్క డిఫెండరు, వెనక గోలీ. పక్ ఆర్తు దగ్గరుంది. డిఫెండరు అతని మీదికే వచ్చాడు. కుడి పక్కన యూసో ఖాళీగా ఉన్నాడు, కర్రతో మంచు మీద టకటకా కొడుతూ అడుగుతున్నాడు. ఆ చప్పుడు ఆర్తుకు స్పష్టంగా వినబడింది. ఇవ్వలేదు. తనే కొట్టాడు. పక్ గోలీ కాలికి తగిలి పక్కకు పోయింది.

బెంచీ మీదికి రాగానే కోచ్ విరుచుకుపడ్డాడు. "పక్కన అంత మనిషున్నాడు, కనబళ్ళేదా? నెత్తిన బంగారం పెట్టాం కదరా కనబడ్డానికి!"

యూసో నీళ్ళ సీసా ఆర్తు చేతికిచ్చాడు. "మంచి షాటే. కొంచెం పైకి కొట్టాల్సింది," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆర్తుకు.

చివరి పీరియడ్లో రెండు జట్లూ సమానం. డిఫెండరు సామి దూరం నుంచి కొట్టిన పక్ గోల్ వెనక్కి పోయింది. యూసో అక్కడే ఉన్నాడు. తల ఎత్తకుండానే కర్రతో దాన్ని ముందుకు తిప్పాడు. అది నేరుగా ఆర్తు కర్ర మీదికొచ్చి వాలింది. ఆర్తు ఈసారి పైకి కొట్టాడు.

గోల్ ఆర్తుదని, అందించినవాళ్ళు యూసో, సామి అని మైకులో చెప్పారు. చప్పట్లు ఇంకా ఆగలేదు, యూసో మెల్లగా రిఫరీ దగ్గరికి జారుకుంటూ వెళ్ళాడు. తల అడ్డంగా ఊపాడు, కర్ర చూపించాడు, ఏదో చెప్పాడు. కాసేపటికి మైకు మళ్ళీ పలికింది. పక్ యూసో కర్రకు తగల్లేదు, వెనక గోడకు కొట్టుకుని వచ్చింది, అందించినది సామి ఒక్కడే.

ఆర్తు నిలబడ్డచోటే నిలబడిపోయాడు. గోడకు తగిలి వచ్చిన పక్ ఎగిరెగిరి వస్తుంది. ఇది వెన్నపూసలా వచ్చి ఆగింది. ఒక్క మాట చెప్తే చాలు, రిఫరీ పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. కానీ ఇప్పుడు ఇద్దరి పాయింట్లూ సమానం. సమానమైతే ఎక్కువ గోల్స్ కొట్టినవాడిదే హెల్మెట్, గోల్స్ ఆర్తువే ఎక్కువ. ఆర్తు వంగి, బిగుతుగానే ఉన్న స్కేట్ తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

ఆట గెలిచారు. అందరూ వెళ్ళిపోయాక సౌనా ఆవిరి గదిలో ఇద్దరే మిగిలారు. యూసో కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోశాడు. ఆవిరి పైకి లేచింది.

"నీ కర్రకు తగిలింది," అన్నాడు ఆర్తు.

"తగిలిందేమోలే."

"మరి ఎందుకట్లా చెప్పావు?"

యూసో మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "నేను ఇంకాసేపట్లో వెళ్ళిపోతున్నా రా. స్విట్జర్లాండు క్లబ్బు. పొద్దునే సంతకం అయింది. ఆట అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు."

ఆర్తు గరిటె తీసుకుని రాళ్ళ మీద ఇంకొన్ని నీళ్ళు పోశాడు.

"నేను పోతే ఎట్లాగూ ఆ హెల్మెట్ నీకే వస్తుంది. కానీ ఇంకొకడు వదిలేసింది వేసుకుంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నీ పాత స్కేట్లు తొడిగి మీ అమ్మ నా బొటనవేలు నొక్కి చూసేది, సరిపోయాయా నాయనా అని. ఎప్పుడూ సరిపోలేదు. వేళ్ళ ముందు కాగితాలు కుక్కుకునేవాణ్ణి." లేచి చెమట తుడుచుకున్నాడు. "నువ్వు గెలిచి తీసుకున్నట్టు ఉండాలనిపించింది. అంతే. పులుసుకు రమ్మని మీ అమ్మ నాకూ ఫోన్ చేసింది, రాలేనని చెప్పు."

బయట కారు ఆగిన చప్పుడైంది. యూసో గబగబా బట్టలేసుకుని, ఒక్క సంచీ భుజాన తగిలించుకుని, తాళ్ళు సగమే కట్టిన బూట్లతో వెళ్ళిపోయాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

ఆర్తు బట్టలేసుకుని, కర్రలూ హెల్మెట్లూ ఉండే గదిలోకి వచ్చాడు. పెద్ద క్లబ్బు వాడిదే అయింది, అమ్మ పులుసులో వాటా వాడిదే అయింది, చివరికి మంచితనం కూడా వాడిదే అయింది. దాన్ని కూడా తనకు మిగల్చలేదు.

ఒస్మో స్క్రూడ్రైవరు పట్టుకుని గదిలోకి వచ్చాడు. హెల్మెట్ కొక్కెం నుంచి తీశాడు.

"ఒస్మో, ఆ పక్ వాడికి తగిలింది," అన్నాడు ఆర్తు.

"తెలుసు. ఆ గోల్ వెనక కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు." ఆయన గొంతులో కోపం లేదు. "వాడు వెళ్ళి చెప్పాడు, నువ్వు వంగి తాడు కట్టుకున్నావు. ఆట అయిపోయింది. తల ఇటు పెట్టు."

ఆర్తు తల వంచాడు. హెల్మెట్ నుదుటి దగ్గరే ఆగిపోయింది.

"పట్టదు," అన్నాడు ఒస్మో. "మరలు వదులు చెయ్యాలి."

"వద్దు. ఇవాళ వద్దు."

ఒస్మో హెల్మెట్‌ను తిరిగి కొక్కేనికి తగిలించి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆర్తు దీపం ఆర్పబోయి వెనక్కి తిరిగి చూశాడు. బంగారు రంగు హెల్మెట్ మళ్ళీ పాత కొక్కేనికే ఉంది. లోపలి మెత్త ఇంకా తడిగా ఉంది, మరలు యూసో తల కొలతకే బిగించి ఉన్నాయి.