మూడు వేలు తక్కువ

చిన్న ల్యాప్‌టాప్‌ని నేను. ఎక్కడో దూరదేశంలో వరసగా కూర్చున్న ఆడపిల్లలు నా స్క్రూలు బిగిస్తే, ఓడలో, లారీలో కుదుపులు తిని కరీంనగర్‌లో మల్లేశం దుకాణానికి చేరాను. అద్దాల బీరువాలో నా పక్కనే అచ్చం నాలాంటిదే ఇంకొకటి. అదే తెర, అదే బ్యాటరీ. దాన్ని నడిపించేది విండోస్, నన్ను నడిపించేది లైనక్స్. విండోస్‌కు డబ్బు కట్టాలి, లైనక్స్‌కు అక్కర్లేదు. అందుకే నా ధర మూడు వేలు తక్కువ. ఇందులో దాపరికమేమీ లేదు.

కానీ ధర తక్కువనగానే మనుషులకు అనుమానం. ముందు నా దగ్గరకే వచ్చేవారు. తిప్పి తిప్పి చూసి, "ఏమన్న ఖరాబా సేటు?" అని అడిగి, పక్కదాన్ని కొనుక్కుపోయేవారు; ఆ చోట మల్లేశం మళ్లీ అలాంటిదే పెట్టేవాడు. నాకే రోగమూ లేదని చెబుదామంటే నోరేది?

ఆ అనుమానం లేకుండా వచ్చింది సరోజన ఒక్కతే. తహసీల్ ఆఫీసు ముందు గొడుగు వేసుకుని జనానికి దరఖాస్తులు రాసిపెట్టి బతుకుతుంది. చేతిరాత కాగితాలు చెల్లవని కొత్త ఆఫీసరు తిప్పి పంపుతున్నాడట.

"గిండ్ల తెలుగు కొట్టస్తదా అన్నా?"

"మంచిగస్తదక్కా. కొట్టి చూడు."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "తహసీల్దారు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా". అక్కడ ఆగి, తెర చూసి నవ్వింది. నాకు గర్వంగా అనిపించింది. దాన్ని ఎలా సేవ్ చేయాలో కూడా మల్లేశమే చూపించాడు.

"చిట్టి పాడి పైసలెత్తుకోని వస్త. ఎవ్వరికియ్యకు" అంది. అతను తలూపాడు.

మల్లేశం చెడ్డవాడు కాదు. రోజులు గడిచినా సరోజన రాలేదు; దుకాణం అద్దె మీద పడుతోంది, నేనేమో కదలను. ఒకరోజు పక్కరకంలో ఆఖరిది కూడా అమ్ముడుపోగానే విసిగిపోయి నా ధర చీటీ పీకేసి, దాని ధరే నాకూ అంటించాడు. ఇక చూడండి వింత! ఆ పూటే ఒక కాంట్రాక్టరు నన్ను ఎత్తి చూసి ముచ్చటపడ్డాడు. ఖరాబా అన్న మాటే ఎత్తలేదు.

"మా పిలగానికి తీస్కపోత. విండోస్ ఏసి పెట్టు, పొద్దుమూకి వస్త."

అతను వెళ్లిన కాసేపటికే సరోజన వచ్చింది. ధర చీటీ చూసి, సంచిలో పెట్టిన చెయ్యి అలాగే ఉంచేసింది.

"గిదేందన్నా, మూడు వేలు పెరిగింది?"

"రేట్లు పెరిగినయక్కా" అన్నాడు మల్లేశం, నా వైపు చూడకుండా.

అబద్ధం. నాలో ఒక్క స్క్రూ కూడా మారలేదు. అరవాలనిపించింది. బ్యాటరీ నిండుగా ఉండి ఏం లాభం?

"నష్టానికి పాడి ఎత్తిన చిట్టి. ఇంతకంటె నా దగ్గర లేవు. రేపటిసంది గొడుగు కింద ఏం జేస్కుంట కూసోవాలె?"

మల్లేశం బిల్లుల పుస్తకం సర్దుకున్నాడు. ఆమె నా మూత మీద దుమ్ము కొంగుతో తుడిచి వెళ్లిపోయింది.

సాయంత్రం నాలోకి డబ్బు కట్టని దొంగ విండోస్ ఎక్కించడానికి కూర్చున్నాడు మల్లేశం. అది ఎక్కాలంటే నాలో ఉన్నదంతా చెరిపేయాలి; చెరిపేముందు లోపల ఏమైనా ఉందా అని వెతికాడు. ఒక్క వాక్యం దొరికింది. చదివాడు. మళ్లీ చదివాడు. నాకు ఆశ పుట్టింది. అంతలో బయట కాంట్రాక్టరు బండి హారన్ మోగింది.

మీట నొక్కేశాడు. ఇప్పటికి సగం చెరిగిపోయాను. మిగిలిన సగంలో నుంచి మీకిది చెబుతున్నాను. ఆమె వాక్యం ఇంకా ఉంది. ఎవరికి పెట్టుకోవాలో తెలియదు గానీ, నా దరఖాస్తు కూడా అదే. నమస్కరించి వ్రాయునది ఏమనగా