కపిలపాట రెండవ పాదము

ఆనాటి వేకువ నాకాశము వానకాలపు వేషము వేసికొని యెండకాలపు మనసుతో నుండెను. తూర్పుకొండల నెత్తములపై నల్లమొయిళ్లు గుంపులుగ లేచి యీనబోవు బఱ్ఱెలవలె బరువుగ గదలి చూచువారికి గొంతవడి యాస గొల్పి పిమ్మట నొక్క చినుకైన రాల్పక పడమటిదిక్కునకు సాగిపోవుచుండ, వాని తోకలు ద్రొక్కుకొనుచు లేచిన ఫాల్గుణమాసపు సూర్యుడు మంచుచుక్క మిగులని మెట్టచేలమీదను ఆకురాలిన రేగుకంపలమీదను నోళ్లు దెఱచిన పిట్టలమీదను ఒక్కతీరుగ నెఱ్ఱనికాంతి గ్రుమ్మరించెను. వచ్చి కురియని మబ్బుకంటె రాని మబ్బు మేలని మెట్టసేద్యగాండ్రు చెప్పుకొందురు. రానిదానికొఱకు దల యెత్తి చూచు పనియైన నుండదు.

ఆ మెట్టపల్లెకు దక్షిణమున సుంకన్న యను సేద్యగాని మిరపతోటయు దాని తలకడ నొక రాతిబావియు గలవు. ఆ బావికి కపిల కట్టబడి యుండెను. తోలుబానకు బిగించిన మోకును ఎద్దుల కాడికి దగిలించి వానిని వాలుబాటవెంట క్రిందికి దోలినచో బాన నీటితో బైకి వచ్చి తొట్టిలో గ్రుమ్మరించును. ఎద్దులు మొగము ద్రిప్పక యట్లే వెనుకనడకను మీదికి వచ్చినచో బాన మఱల నీట మునుగును. దిగుటకు ఎద్దులకు బలము చాలును. వెనుకకు వచ్చుటకు మాత్రము నమ్మకము వలయును. కంటికి గానరాని దారిని కాలితో వెదకుకొనుచు నోరు దెఱచిన బావివైపునకు నడచుట యే పశువునకు నిష్టము గాదు.

సుంకన్న యెద్దుల కా నమ్మకము నిచ్చినది వన్నూరమ్మ. ఆమె యాతని భార్య. ఆ యెద్దులు ఆమె పుట్టినింటివా రరణముగ నిచ్చిన లేగదూడలు. తల్లి పాలు మఱచిననాటినుండి ఆమె చేతిగడ్డి మేసి ఆమె గొంతు విని పెరిగినవి. కాడి కెత్తిన పిదప సుంకన్న మోకుమీద గూర్చుండి క్రిందికి దిగుచు పాట మొదటి పాదము నెత్తుకొనును. దూరమున మిరపమళ్లలో నీరు ద్రిప్పుచున్న వన్నూరమ్మ రెండవ పాదము నందుకొనును. ఆమె గొంతు వినబడగనే యెద్దులు చెవులు నిక్కించి వెనుకకు నడచును.

ఏటి గట్టున నిలిచి ఎలుగెత్తి పిలిసేను
యాడ ఉండావె నా సిలకా

అని యాతడు. దానికి

ఏరు దాటితి మామ ఎనకకు దోవ లేదు
ఎదురు సూడకు మామ ఇంకా

అని యామె. అది వారు కట్టిన పాట గాదు. ఎవ్వరి గుండె యెన్నడు పగిలి యా పాట పుట్టెనో యెఱిగినవారు లేరు. వారిరువురును నవ్వుచు నవ్వుచు నా యేడుపుపాట పాడుకొనుచుండిరి. కడుపు నిండినవాడు కాకరచేదు కోరినట్లు సుఖముగ నున్నవారికే దుఃఖపుపాట తీయగ నుండును.

పోయిన భాద్రపదమున విషజ్వరము వచ్చి వన్నూరమ్మ చనిపోయెను. కర్మకాండము ముగిసి సుంకన్న కపిల కట్టగా ఎద్దులు ఎప్పటివలెనే వాలున దిగి బాన పైకి లాగి యచ్చటనే నిలిచెను. అదలించినను గదలలేదు. ఎన్నడు దెబ్బ యెఱుగని వీపులపై చెర్నాకోల మ్రోగినను గదలలేదు. మళ్లవైపునకు జెవులు నిక్కించి వినుచు నిలిచెను. ఆనాటినుండి సుంకన్న పాడుట మానెను. ఎద్దులను అమ్మివేయుమని యిరుగుపొరుగువారు చెప్పిరి గాని యాతడు వినలేదు. కుండలతో మోసిన నీరు కొన్ని మళ్లకే చాలుచుండ తక్కిన తోట పూత రాల్చి కాయ ముడిచి నిలువున వాడసాగెను. తోట పోయినచో నా యేటి గ్రాసము పోయినట్లే.

అంతట నాతని పెదతల్లి తిప్పక్క, నోటికి గడియ లేని ముసలిది, పొరుగూర నొక సంబంధము వెదకి నారెమ్మ యనుదానిని తెచ్చి ముడివేయించెను. నారెమ్మ మొదటి మగడు మిల్లుపని కని బళ్లారికి బోయి యచ్చట వేఱొకతెతో గాపురము బెట్టి యీమె మొగము మఱచినవాడు. ఆమెకు బెద్ద కోరికలు లేవు. ఉన్నది యొక్కటి. ఈ యింట నెవ్వరైన తన్ను బేరు పెట్టి పిలువవలెనని. వచ్చి కొన్నాళ్లయినను సుంకన్న నోట "మే" యను మాటయే గాని "నారెమ్మా" యను మాట రాలేదు. ఆతడు చెడ్డవాడు గాడు. ఆమె దినునంతవఱకు దాను లేవడు. నీళ్లకుండ బరువైన దానే యెత్తును. కాని యాతని చూపు ఆమెకు గొంచెము ప్రక్కగ నెచ్చటనో వ్రాలుచుండెను.

మబ్బు మోసపుచ్చిన యా యుదయమున నారెమ్మ మొదటిమాఱు పార చేతబట్టి మిరపమళ్లలో నిలిచెను. ప్రక్కసాలున దిప్పక్క పండుకాయలు గోయుచుండెను. వానపై నాస విడిచి సుంకన్న యెద్దులను మఱల కపిలకు గట్టి దోలెను. బాన పైకి వచ్చి నీరు తొట్టిలో బడి కాలువ గుండ పాముపిల్లవలె బ్రాకుచు వచ్చెను. అంతే. ఎద్దులు వాలు క్రింద నిలిచిపోయెను. సుంకన్న కోల యెత్తలేదు. మోకుమీద గూర్చుండి వాని కొమ్ములవంక జూచుచుండెను.

"ఏమత్తా, ఎద్దులకు నడుము పట్టుకొన్యాదా?" అని నారెమ్మ యడిగెను.

"నడుమూ లేదు నా మొగమూ లేదు," అనుచు దిప్పక్క కాయల గంప దింపెను. "అవి ఆయమ్మ సాకిన బిడ్డలు మే. మొగోడు అదిలిస్తే కిందికి పోతాయి. ఎనక్కి రావల్లంటే ఆయమ్మ పాట ఇనపడల్ల. నీ మొగుడు కొట్టి కొట్టి సెయ్యి నొప్పి పెట్టుకొన్యాడు గాని వాటికి బుద్ధి రాలే."

"పాటే గదత్తా. నాకూ వస్తాయి," అని నారెమ్మ పార నేల గ్రుచ్చి తల్లి తిరుగలికడ నేర్పిన పాట యెత్తుకొనెను.

రాయి తిప్పీ తిప్పి రాత తిప్పలేకపోతి
ఎవురు పిలుతారమ్మ నన్నూ

ఆ గొంతు పోయినదాని గొంతుకంటె మెత్తనిదని తిప్పక్క తనలో ననుకొనెను. అడుగున నేదో విఱిగి యుండి పైకి నిండుగ బలుకు కుండవంటి గొంతు. ఎద్దులు చెవు లొకసారి కదల్చి యీగల దోలుకొని మఱల నట్లే నిలిచెను.

అప్పు డెవ్వరు నడుగకయే సుంకన్న నోట నెన్నినెలలనుండియో మూగవోయిన మొదటి పాదము వెలువడెను. ఏటిగట్టున నిలిచి పిలుచుచున్నాను, ఎచ్చట నున్నావు చిలుకా యని. పాట వచ్చి మిరపమళ్లపై వ్రాలి బదులు లేక యాగిపోయెను. ఎద్దులు తలలెత్తెను. కాలువలోని నీరు మెల్లగ నింకిపోవుచుండెను.

తిప్పక్క దగ్గఱకు వచ్చి రెండవ పాదము నారెమ్మ చెవిలో జెప్పెను. నారెమ్మ వెనుకంజ వేసెను.

"అది సచ్చిపోయినామె మాటత్తా. బతికుండేదాన్ని, నేనెట్ల పలుకుదు?"

"బతికుండే తోటను సూడు మే. దానికి నోరుంటే అదే పాడేది."

నారెమ్మ తోటను జూచెను. వాడిన యాకులు చేతులు ముడిచికొన్న బిచ్చగాండ్రవలె వ్రేలాడుచుండెను. ఆమె కన్నులు మూసికొని పాడెను. ఏరు దాటితిని మామా, వెనుకకు దారి లేదు, ఎదురు చూడకుము.

ఎద్దుల వీపులపై దోలు జలదరించెను. ఒక కాలు, పిదప నొక కాలు, వెనుకకు బడెను. వెనుకకు దారి లేదని చెప్పు పాదమునకే యవి వెనుకకు నడచి మీదికి వచ్చెను. బాన నీట మునిగిన చప్పుడు బావిలో మ్రోగెను.

ఆ గొంతు విని సుంకన్న తన్ను దానెఱుగక మళ్లవైపునకు దిరిగెను. చీకటియింట దీప మెత్తినట్లు మొగము వెలిగెను. నిలిచినది యెవ్వరో కన్నులు గుఱుతించెను. దీపము దిగిపోయెను. ఆ రెండును కన్నులు దెఱచిన నారెమ్మ జూచెను. చూడకున్న బాగుండెడిది.

ప్రొద్దు నడినెత్తికి వచ్చువఱకు పాట సాగెను. నీరు కడపటి మళ్లకు నందెను. ముడుచుకొన్న యాకులు ఒక్కొక్కటిగ విప్పుకొనెను. గొఱ్ఱెల దోలుకొని బాటవెంట బోవుచున్న కాపరి యొకడు నిలిచి "ఓ సుంకన్నా! మళ్లా పాట లేసిందే! అచ్చం వన్నూరమ్మ గొంతే గదప్పా!" అని సంతోషముగ గేక వేసి పోయెను. మెచ్చుకోలు కొన్నిసారులు దెబ్బకంటె లోతుగ దిగును. నారెమ్మ పార పిడిని గట్టిగ బట్టుకొనెను. చల్లని నీరు పాదములను దడుపుచుండ నింత తోటను బ్రతికించినదానను, నా కొక్క మాటకైన హక్కు లేదాయని యామెకు ధైర్యము వచ్చెను. సుంకన్న మొదటి పాదము ముగింపగనే యామె కన్నులు దెఱచియే యందుకొనెను.

ఏరు దాటలే మామ ఎదురుగా ఉండాను
నారెమ్మ నే గద మామా

బాణి యదియే. గొంతు నదియే. ఎద్దులు సంకోచింపక వెనుకకు నడచెను. వానికి మాటలతో బనిలేదు. తిప్పక్క కాయ ద్రుంపబోయిన చేయి యట్లే నిలిపి బోసినోట నవ్వెను.

సుంకన్న యెద్దుల నాపెను. మోకు దిగి కాలువగట్టు వెంట నడచివచ్చెను. అంత దగ్గఱగ నాతడు తనకై నడచివచ్చుట నారెమ్మ యెన్నడు నెఱుగదు. ఆత డొక మడి దూరమున నిలిచి యామెను గాక యామె కాళ్లకడ పాఱు నీటిని జూచుచు బలికెను.

"పాట మార్సొద్దు మే. ఉండేది ఉన్నట్ల పాడు."

"ఎద్దులు ఇంటాండాయి గదా మామా."

నీటిలో నొక యెండుటాకు గిఱ్ఱున దిరిగి గట్టు నంటుకొనెను.

"ఎద్దులు ఇంటాయి," అని సుంకన్న యనెను. "నేను ఇనలేను."

అని మరలిపోయి మోకుమీద గూర్చుండెను. ఆ గొంతున గోపము లేదు. కోపమున్న దిద్దుకొనవచ్చును. తిప్పక్క గంప నెత్తికొని వచ్చి ప్రక్కన నిలిచి "మొగోళ్లకంటే గొడ్లు నయం మే" యని నవ్వింపజూచెను. నారెమ్మ నవ్వలేదు. వాలుబాటనుండి మొదటి పాదము వచ్చెను. ఎచ్చట నున్నావు చిలుకా. ఎద్దులు చెవులు నిక్కించెను. తోట కింకను రెండు తడులు గావలెను. ఆ పైని మండువేసవి కలదు. దాని తరువాత మఱియొక పంట కలదు. నారెమ్మ నోరు దెఱచి యేరు దాటితి నని పాడెను. ప్రొద్దు గ్రుంకువఱకు నట్లే పాడెను. ప్రతిసారియు నొక యడుగు నిజముగనే దాటుచున్నట్లు గొంతు తేటపడుచు వచ్చెను. సాయంకాలమున కది వన్నూరమ్మ గొంతు గాదని చెప్పగలవారు లేకపోయిరి.

మునిమాపువేళ యింటివాకిట మువ్వురును భోజనమునకు గూర్చుండిరి. వేకువ నాస గొల్పిన మొయిళ్ల జాడ యెచ్చటను లేదు. నారెమ్మ వేడిసంగటి ముద్దలు చేసి తళియలలో నుంచి యాతోట మిరపకాయల కారము ప్రక్కన వడ్డించి తానును గూర్చుండెను. సుంకన్న తినబోవుటకు ముందు చిటికెడు సంగటి త్రుంచి తళియ యంచున వేఱుగ నుంచెను. పోయినవారి కట్లుంచుట యా యింట నాచారము. నారెమ్మ దానిని జూచెను. కొంతసేపు తన ముద్దను జూచెను. పిదప దానును చిటికెడు త్రుంచి తన తళియ యంచున నుంచెను.

తిప్పక్క యిరువురి తళియలును జూచి యెవరికే యని యడుగబోయి కారము నంజుకొనెను. కొట్టమున నెద్దులు నెమరు వేయుచుండెను. మువ్వురును దలలు వంచుకొని తినుచుండిరి.