పంచుకున్న గోలీలు

సత్తెమ్మను మీరే చంపారు. వారానికోసారి జీపులో వచ్చి, జీపు దిగకుండానే పోయే కంపెనీ డాక్టరూ, నిన్నే అంటున్నాను. కడుపు కనబడితే మనిషిని గేటు బయటికి నెట్టే కాంట్రాక్టరూ, నిన్ను కూడా. రక్తంలో తడిసిన చీర మేం చూశాం, మీరేమో జబ్బుతో పోయిందని చెప్పుకుంటున్నారు. జబ్బు కాదు. మీరు.

మాదాపూర్ గుట్టలు పగలగొట్టి కంప్యూటర్ల కోసం అద్దాల మేడలు లేపుతున్నారు. ఆ మేడలు మోసేది పాలమూరు జనం. నేను అక్కడ సెంట్రింగు పనివాణ్ణి. కళ్లతో చూసిందే రాస్తున్నాను.

ఇక్కడ పని మనిషికి ఇవ్వరు, జోడీకి ఇస్తారు. మొగుడూ పెళ్లామూ కలిసి వస్తేనే పనీ, రేకుల గుడిసే. ఆడమనిషికి కడుపొచ్చిందంటే మేస్త్రీ కిష్టయ్య జోడీని జోడీగానే వెళ్లగొడతాడు. సత్తెమ్మ చంటిబిడ్డ ఇంకా పాలు తాగుతోంది. ఆమె జీపు దగ్గర నిలబడి అడగడం నేను విన్నాను.

"సారూ, జర కడుపు రాకుండ మందియ్యి."

"నేను దెబ్బలకు కట్లు కట్టేటందుకే వస్తాను. పిల్లలు వద్దంటే ఆపరేషన్ క్యాంపుకు పో."

"వద్దంటలేను సారూ. ఇప్పుడొద్దంటున్న."

డాక్టరు నవ్వాడు. జీపు కదిలింది.

సర్కారు దవాఖానకు పోతే ఆ పూట పని పోతుంది. జోడీలో ఒకరు తగ్గినా ఇద్దరి హాజరూ కొట్టేస్తాడు కిష్టయ్య. అందుకని గుడిసెల ఆడవాళ్లంతా మాట్లాడుకుని తమలోని వసంతను పంపారు. ఆమె మోయాల్సిన తట్టలు కిష్టయ్య కంటబడకుండా తక్కినవాళ్లు మోశారు. దవాఖాన కిటికీలోంచి నర్సు ఒక గోలీల అట్ట అందించింది. ఎట్లా వాడాలని వసంత అడగబోతే, "మింగు, పో. జరుగమ్మా" అన్నది. వెనక లైను చాలా పెద్దది. ఆ నర్సుకూ ఓపిక లేదు.

ఆ సాయంత్రం పొయ్యిల దగ్గర కూర్చుని అట్టను కత్తిరించి పంచుకున్నారు. ఉప్పు పంచుకున్నట్టే, ఎండుమిరపకాయలు పంచుకున్నట్టే. ఒక్కతే దాచుకుంటే తప్పని వాళ్ల లెక్క.

"మొగుడు దగ్గరికొచ్చిన నాడు ఒకటేస్కుంటే సాలు" అన్నది సక్కుబాయి, అందరికన్నా పెద్దది.

"గట్లయితే నీకు అట్ట మొత్తం గావాలె వదినా!" అన్నది సత్తెమ్మ.

అందరూ విరగబడి నవ్వారు. అవతల బీడీలు కాలుస్తున్న మొగవాళ్లమూ నవ్వాం.

ఆ గోలీ రోజూ మింగాలి. అట్ట మొత్తం ఒక్క మనిషికే. మధ్యలో మానితే కాపాడదు. ఇంతే మాట! ఈ మాట చెప్పే మనిషిని సర్కారు మా దగ్గరికి పంపలేదు.

సత్తెమ్మకు నెల తప్పింది. జోడీ పోతుందన్న భయంతో మొగుడు మొగిలికి కూడా చెప్పకుండా, కొండాపూర్ సందులో దొంగచాటుగా కడుపులు తీసే ఒకామె దగ్గరికి పోయింది. రక్తం ఆగలేదు. మేం ఇటుకల లారీలో వేసుకుని దవాఖానకు పోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

దినాలు చేయడానికి కూడా సెలవివ్వలేదు. తట్టలెత్తాం. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

చివరికి ఒక సాయంత్రం గుడిసెల ముందు కూర్చున్నాం, గేటు దగ్గర నిలబడి నర్సు కావాలని అడగాలా వద్దా అని.

"సచ్చినామె వస్తదా? కొట్లాడి ఏం జేస్తం?" అన్నాడు మొగిలి. తల ఎత్తలేదు.

"నేను గూడ గా అట్టల గోలీలే మింగిన, అన్నా" అన్నది వసంత. "దినాం భయమైతున్నది. రేపు నన్ను గూడ లారీల ఏస్కపోతరా?"

"గీ ముచ్చట గేటు కాడ ఎట్ల మాట్లాడుతం? సిగ్గుగాదా?" అని ఒకడు గొణిగాడు.

"ఎవ్వలకు జెప్పకనే సత్తెమ్మ సచ్చింది. నువ్వు నోర్ముయ్యి" అన్నది సక్కుబాయి.

స్లాబు రోజు వచ్చింది. పోయడం మొదలైతే స్లాబు ఆగకూడదు. మిక్సర్ తిరుగుతూనే ఉండాలి, తట్టలు చేతులు మారుతూ పైకి పోతూనే ఉండాలి. సగం పోశాక వసంత తట్ట కింద పెట్టి కూర్చుంది. పక్కామె కూర్చుంది. వరసంతా కూలబడింది. నినాదాలేమీ లేవు. అలిసిపోయిన మనుషులు కూర్చున్నట్టే కూర్చున్నారు.

ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? సగంలో ఆపితే స్లాబు పాడైపోద్దమ్మా! పాతదీ కొత్తదీ అతుక్కోవు, నీళ్లు కారతాయి. లేవండమ్మా!"

"ఎంత మంచిగ సమజు జేస్తున్నవు సారూ" అన్నది వసంత. "సగంల ఆపితే పాడైతదని గోలీల గురించి మాకెవ్వలన్న గిట్ల జెప్పిన్రా? జెప్తే సత్తెమ్మ గీ వరసలనే ఉంటుండె."

కిష్టయ్య అరిచాడు: "లేస్తరా లేదా? జోడీలన్ని పీకేస్త!"

"పీకెయ్యి. నువ్వూ నీ పెండ్లామూ మోసుకోండ్రి" అన్నది సక్కుబాయి.

పోలీసు వ్యాను వచ్చింది. వసంత చెయ్యి పట్టి లాగారు. అప్పుడు పైనుంచి మొగవాళ్లం దిగాం. "జోడీలుగ పనిల వెట్టుకున్నరు, జోడీలుగనే తీస్కపోండ్రి" అంటూ వసంత మొగుడు ఎక్కాడు. అతని వెనక సక్కుబాయి, ఆమె మొగుడు. అందరి తర్వాత గుడిసెల వైపు నుంచి మొగిలి వచ్చాడు, చంకలో బిడ్డతో.

"నా జోడీ లేదు సారూ. ఒక్కణ్ణే ఎక్కుత."

పోలీసు పక్కకు జరిగాడు. వ్యాను నిండింది. పట్టని వాళ్లం దాని వెనక నడిచాం. తట్టల్లో కాంక్రీటు గట్టిపడుతోంది.

కంపెనీవాళ్లూ, సర్కారువాళ్లూ, ఇప్పుడు వినండి. కట్లు కట్టే డాక్టరొక్కడు చాలడు, నర్సు కావాలి. పని దగ్గరికే, పని గంటల్లోనే, ప్రతి వారం రావాలి. హాజరు కొట్టొద్దు. గోలీనో, లూపో, నిరోధో, ఏది కావాలో ఆడమనిషినే చెప్పనివ్వాలి. మొగుడి సంతకం అడగొద్దు. ఆపరేషనే చేయించుకోవాలని అనొద్దు. ఎట్లా వాడాలో పక్కన కూర్చుని మా మాటల్లో చెప్పాలి. కడుపొచ్చిందని ఏ జోడీనీ తీసెయ్యొద్దు. వసంత స్టేషన్ నుంచి తిరిగొచ్చేసరికి ఆ నర్సు గేటు లోపల ఉండాలి. అప్పటిదాకా ఈ స్లాబు సగమే. నర్సును పంపండి!