పిడికెడు బియ్యము

శరదాగమమున గోదావరి తన వరదమదమును విడిచి యిసుకతిన్నెల నడుమ సాధువై ప్రవహించుచుండ నిరుదరుల రెల్లుపూవులు తెల్లగా విరిసి పిల్లగాలికి తలలూచుచుండ కడిగిన యద్దమువంటి యాకాశమున తునుకమేఘములు పనిలేని పెద్దమనుష్యులవలె తిరుగాడుచుండ నొకానొక శుక్రవారపు పూర్వాహ్నమున గోగులలంక గ్రామమందలి క్రైస్తవ దేవాలయపు వంటసాలలో సువార్తమ్మ నడుముపై చేతులుంచుకొని యొక పెద్ద కాగులోనికి తొంగిచూచి దీర్ఘముగా నిట్టూర్చెను. కాగునిండ బియ్యముండెను. ఆమె విచారమునకు కారణమా బియ్యమే.

ఆ సంఘమున తాతలనాటి యాచారమొకటి కలదు. ప్రతి గృహిణియు నెసట బియ్యము పోయుటకు ముందొక పిడికెడు తీసి గురిగిలో దాచి యాదివారమున తెచ్చి దేవాలయపు కాగులో పోయును. ఏటేట ప్రతిష్ఠోత్సవమునాడు ప్రేమవిందు ఆ బియ్యముతోనే జరుగును. కలవారి సన్నబియ్యమును లేనివారి నూకలును పాతవియు క్రొత్తవియు నుప్పుడు బియ్యమును నందు కలగలిసి యుండును. ఈ యాచారము చూచుటకు ముచ్చటయే కాని వండుటకు ముచ్చట కాదు. క్రొత్తబియ్యము గంజియై పారునప్పటికి పాతబియ్య మింకను పలుకు విడువక పండ్లతో పోరాడుచుండును. గతవత్సరము విందున గురువగు పరంజ్యోతిగారు మొదటిముద్ద నమలి నవ్వుచు “మన సంఘమంతా ఈ విస్తట్లోనే ఉందమ్మా. కొందరు మరీ మెత్తబడిపోయారు, కొందరికింకా ఉడుకే పట్టలేదు” అనిరి. అందరును పకపక నవ్విరి. ముప్పది యేండ్లుగా గరిటె పట్టిన సువార్తమ్మకు మాత్రమా నవ్వు నేటికిని మ్రింగుడు పడలేదు.

ఈ యేడు గురువుగారు ఊరివారినెల్లరను విందునకు పిలిచిరి. భాద్రపదపు వరదలో ఊరంతయు నెనిమిది దినము లేటిగట్టుపై నొక్క పరదా క్రింద తలదాచుకొనెను గదా, ఆ కలివిడి నీరు తీయగనే ఇంకిపోరాదని వారి తలంపు. మునుపును పిలుపులు పోవుచునే యుండెను. పైవీధివారు వాకిటిదాక వచ్చి యరటిపండొకటి పుచ్చుకొని కుశలమడిగి వెడలిపోవుచుండిరి. పంక్తి కలుపరాదను పూర్వపు కట్టుబాటును నోటితో చెప్పువారు లేకపోయినను కాళ్లు దానిని మరువలేదు. ఈసారి వారు నిజముగా పంక్తిని కూర్చుండి యీ గంజియు రాళ్లును కలిసిన యన్నమును తిన్నచో మరల గడప త్రొక్కుదురా? సువార్తమ్మ దిగులంతయు నిదియే.

సంతలో నొకేరకము బియ్యము కొనితెత్తమని సంఘపెద్దలు సలహా చెప్పిరి. ఆమెయు సరే యనబోయి ముసలి రిబ్కమ్మను చూచి నాలుక కరచుకొనెను. ఏటిగట్టుపై తాను పస్తుండియు నా వృద్ధురాలు దేవుని పిడికెడు తప్పింపలేదు. ఆ పిడికెడును కాదనుటకు సువార్తమ్మకు నోరాడలేదు. అట్లయిన రకములు వేరుచేయుదమని యెనమండుగురు స్త్రీలు చేటలును జల్లెడలును పట్టి కూర్చుండిరి. గడియ గడువకమునుపే యీ నూకలెవరివని యొకతెయు నీ పురుగులెవరింటివని వేరొకతెయు నారంభించిరి. గట్టుపై నొకరి బిడ్డ నొకరు చంకనెత్తుకొన్న యిల్లాండ్రే చేటలు విసరి మొగములు త్రిప్పుకొనిరి. జల్లెడ పట్టినకొలది బియ్యము వేరుపడలేదు కాని మనుష్యులు వేరుపడిరి. సువార్తమ్మ చెంగున లేచి చేటలన్నిటిని మరల కాగులో బోర్లించెను.

అప్పుడు మూలను కూర్చున్న రిబ్కమ్మ బోసినోటితో మెల్లగా “అన్నానికైతే పేచీ గానీ అట్టుకేం పేచీ, వదినా? నానబోసి రుబ్బితే అన్నీ ఒకటే” అనెను.

సువార్తమ్మ కామాట పానకమువలె దిగెను. అన్ని యేండ్లుగా తనకేల తోచలేదని తన నెత్తి తానే మొట్టుకొని నవ్వెను. ఐనను బస్తాకు మించిన బియ్యమును రుబ్బుటకు క్రైస్తవుల పేటలోనున్నవి రెండు రోళ్లు. ఊరికెల్ల పెద్దరోలు పైవీధిలో అచ్చాయమ్మ పెరటిలో నుండెను. అచ్చాయమ్మ నోటికి ఏరైన నొదిగి పారునని యూరివారందురు. అంతకన్న కష్టమైనది వేరొకటి కలదు. సువార్తమ్మ పుట్టి బుద్ధెరిగినది మొదలు ఒకరికి పెట్టినదే కాని యొకరిని అడిగినది లేదు. దారిపొడవునను ఆమె కాళ్లు వెనుకకే లాగెను.

అచ్చాయమ్మ అరుగుపై చింతపండు వలచుచుండెను. సువార్తమ్మ వాకిట నిలిచి బియ్యము సంగతి దాపరికము లేక చెప్పి తుదకు “మీ రోలు కావాలండి. రోలొక్కటే కాదు, మీరూ రావాలి. మా చేతులు చాలవు” అనెను.

అచ్చాయమ్మ తలయెత్తి “ముప్పయ్యేళ్లుగా వచ్చి తినండి తినండి అంటన్నావు. వచ్చి ఓ చెయ్యెయ్యండని ఒక్కనాడన్నావా? కూర్చోబెట్టి పెడితే తినడానికి నేనేవన్నా పెళ్లివారి ఆడబడుచునా?” అనెను.

“అడిగితే వచ్చేవారేనాండీ?”

అచ్చాయమ్మ చేతిలోని చింతపండును చేటలో పడవేసెను. “అప్పుడైతే వచ్చేదాన్ని కాదేమో. ఇప్పుడడిగావుగా” అని లేచి కొంగు దోపుకొనెను.

మరునాడు ప్రొద్దెక్కునప్పటికి ఆమె రోలు ఎడ్లబండిపై మహారాణివలె నూరేగుచు వచ్చెను. వెనుక కుంచెడు మినపపప్పుతో అచ్చాయమ్మయు నామె వెనుక ఏమి వింతయో చూతమని పైవీధి యిల్లాండ్రును బయలుదేరిరి. వింత చూడవచ్చినవారికి పని దొరకకుండునా? దూదేకుల మస్తానమ్మ తన రోలు తానే దొర్లించుకొని వచ్చి పచ్చడి బాధ్యత తనదనెను. తక్కినవారును తమతమ రోళ్లు తెప్పింప మధ్యాహ్నమునకు దేవాలయపు ముంగిట తొమ్మిది రోళ్లు తిరుగుచుండెను. పొత్రమునకు ఇరువురు చొప్పున కూర్చుండి త్రిప్పుచు కోడండ్ర కొంటెతనములను కోళ్ల దొంగతనములను చెప్పుకొని నవ్విరి. నిన్న అలిగిన యిల్లాండ్రిద్దరిని సువార్తమ్మ కావలెననియే యొకే రోటికి కూర్చుండబెట్టెను. ముందు వారి చేతులు కలిసెను, మాటలు తరువాత వచ్చెను.

ఆదివారము ఆరాధన ముగియగానే పండ్రెండు పెనములపై అట్లు చుయ్యిమని పలికెను. పైవీధివారు వచ్చి వాకిట నిలిచిరి. సువార్తమ్మ తొలియట్టు విస్తటిలో వేసి అచ్చాయమ్మ యెదుటికి తెచ్చెను. అచ్చాయమ్మ విస్తటిని చూచెను, సువార్తమ్మను చూచెను, పిమ్మట నలుగురిమధ్య చాపపై చతికిలబడి తునుక త్రుంచి నమిలి “ఉప్పు తక్కువైంది. పిండిలో ఉప్పేసింది నేనేలే” అనెను. ముంగిలియంతయు గొల్లుమనెను. పైవీధివారొక్కొక్కరే లోనికి వచ్చి చాపలపై కూర్చుండిరి. సువార్తమ్మ కన్నులు నిండెను. ఆమె దానిని పొయ్యిపొగపైకి నెట్టివేసెను.

సాయంకాలము బండి మరల వచ్చెను కాని అచ్చాయమ్మ దానిని వట్టిదిగనే మరలించెను. పైయేటికి మరల కావలసినదే గదా, ఎడ్లకేల శ్రమ యనెను. బుధవారమునాడు ఆమె యింటివారు అట్లు పోయుమని కోరిరి, పెరటిలో చూడ రోలు లేదు. నానిన బియ్యపు గిన్నె చంకనెత్తుకొని గొణుగుకొనుచు ఆమె దేవాలయపు ముంగిటికి వచ్చి కూర్చుండగా సువార్తమ్మ చూచి పిలువకయే వచ్చి యెదుట కూర్చుండి పొత్రమునకు చేయి కలిపెను. నాటినుండి ప్రతి బుధవారమును అట్లే జరుగుచున్నది. పెట్టుచేయి పైనుండును, పుచ్చుకొనుచేయి క్రిందనుండును. పొత్రమును పట్టిన రెండుచేతులు మాత్రమొక్క యెత్తుననే యుండును.