భిక్షపతి దూకి చూసిన స్టూలు

జల్‌పల్లిలోని ఆ ప్లాస్టిక్ షెడ్డులో భిక్షపతి ఎక్కి దూకందే ఒక్క స్టూలూ గేటు దాటేది కాదు. ప్రతి సరుకులో మొదటి స్టూలును రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు దాని మీద రెండు కాళ్లతో దూకేవాడు. నిలిస్తే మిగతావి లారీ ఎక్కేవి, దూకి చూసింది అతనింటికి వెళ్లేది. ఇరవై ఏళ్ల ఆనవాయితీ.

పాత డబ్బాల ప్లాస్టిక్‌నూ పాల కవర్ల ప్లాస్టిక్‌నూ కలిపి కరిగిస్తే, సవతుల్లా దేని దారి దానిదే. వాటిని కలిపి ఉంచడానికి సేటు సోమశేఖర్ నానో మట్టి తెప్పించాడు, పౌడరు కన్నా మెత్తనిది. అమ్మినవాడు మరీమరీ చెప్పాడు: నాలుగు గంటలు హీటర్‌లో ఆరబెట్టాలి, మిషన్‌లో రెండుసార్లు తిప్పాలి. లేదంటే ఉండలు కడుతుంది, ఉండ ఉన్నచోటే విరుగుతుంది.

ఆ మట్టి కలిపే రోజు పొద్దున్నంతా కరెంటు లేదు, మట్టి ఆరనేలేదు. మధ్యాహ్నానికి లారీ వచ్చి ఒకటే హారన్.

"ఒక్కసారి తిప్పు చాలు," అన్నాడు సేటు.

"ఉండలు గడ్తది సేట్."

"నువ్వు దుంకి చూడు. నిలిస్తే పంపుదాం."

అచ్చులోంచి తీసిన మొదటి స్టూలు ఇంకా వెచ్చగానే ఉంది. భిక్షపతి దూకాడు, నిలిచింది. వేడి మీద ఏ ప్లాస్టికైనా సాగుతుంది గానీ విరగదని అతనికి తెలియదా? శుభ్రంగా తెలుసు. అయినా "మస్తు గట్టిగున్నది, పంపు" అన్నాడు. రాత్రికల్లా నాలుగు వందల స్టూళ్లు వెళ్లిపోయాయి, దూకి చూసింది ఎప్పటిలాగే అతనింటికి చేరింది.

పదో రోజు అతని భార్య చంద్రమ్మ ఫ్యాను తుడవడానికి ఆ స్టూలెక్కింది. స్టూలు కాలు ఫట్‌మని విరిగింది. ఆమె వెల్లకిలా గడప మీద పడింది. వెన్నుపూస దెబ్బతిన్నదని, ఇక నడవలేదని డాక్టర్లు తేల్చేశారు.

భిక్షపతి ఇంటికొచ్చి విరిగిన స్టూలు కాలు చేతిలోకి తీసుకున్నాడు. విరిగినచోట ఉప్మా రవ్వలా తెల్లని మట్టి పలుకులు.

ఆస్పత్రిలో చంద్రమ్మే అతన్ని ఓదార్చింది. "నువ్వేం జేస్తవయ్యా. ఎక్కుడంటే నాకు ఎప్పుడూ భయమే. నువ్వు దుంకి చూసింది గదా అని ఎక్కిన."

అతను మంచం పక్కన కూలబడ్డాడు. "చల్లారకముందే దుంకిన చంద్రమ్మా. లారీ ఆగిందని దుంకిన."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"మిగతావి ఎవలెవలింట్ల ఉన్నయి?" అని అడిగింది.