పన్నెండు నుంచి నాలుగు దాకా

నేను ఒక జింకు రేకును. ఉక్కు కర్మాగారంలో పుట్టి, ఒంటినిండా ముడతలు దిద్దించుకుని, మొదట ఓడరేవు దగ్గర ఎరువుల గిడ్డంగికి కప్పునయ్యాను. ఎండకు నేను పెనంలా కాలతానని అక్కడివాళ్లకు బాగా తెలుసు. బస్తాలు పాడవకూడదని నా కింద చెక్కతో ఇంకో కప్పు వేయించారు. మనుషులకు ఎంత ముందుచూపో అని మురిసిపోయాను.

ఒక తుఫానుకు గిడ్డంగి కూలింది. అందులో మూటలు మోసే దాలయ్య నన్ను నెత్తిన పెట్టుకుని నడిచి, ఊరి నీళ్లు పారే గెడ్డ ఒడ్డున తన ఇంటిమీద పరిచాడు. "ఇంక వానొచ్చినా బెంగనేదే" అని భార్య ఎర్నమ్మతో అన్నాడు.

వాన నుంచి వాళ్లను నేను బాగానే కాచుకున్నాను. ఎండ నుంచి కాయడమే నా వల్ల కాలేదు.

కొన్నేళ్లకు దాలయ్యకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఎర్నమ్మ చెత్త ఏరి ఇల్లు నడిపేది. వేసవిలో పనికి వెళ్లేముందు అతన్ని పొదివి పట్టుకుని, ఈడ్చుకుంటూ, గెడ్డ మీది వంతెన కిందికి చేర్చేది. అక్కడ నీడా గాలీ ఉండేవి.

ఒక ఏడాది నగరంలో వడగాలుల ప్రణాళిక అని ఒకటి తయారైంది. ఆరోగ్య కార్యకర్త కాగితం తెచ్చి గుమ్మంలో నిలబడి చదివింది. పన్నెండు నుంచి నాలుగు దాకా ముసలివాళ్లు, రోగులు ఇల్లు కదలకూడదట. చదువుకున్నవాళ్లు రాసిన మాట. మర్నాడు ఎర్నమ్మ దాలయ్యను వంతెన కిందికి తీసుకెళ్లలేదు. తడిగుడ్డ ఒంటిమీద కప్పి, నీళ్ల చెంబు చేతికందేలా పెట్టి వెళ్లింది.

రెండింటికి చెంబు ఖాళీ అయింది. దాలయ్య కాసేపు భార్యను పిలిచాడు. తర్వాత మంచం మీంచి జారి, గుమ్మంవైపు పాకాడు. సగం దూరం వచ్చాడు. నేను పైన కాలుతూనే ఉన్నాను.

పది రోజులు పోయాక ఆ ప్రణాళిక రాసినవాళ్లలో ఒకామె, వైదేహి, చావు వివరాలు రాసుకోవడానికి వచ్చింది.

"ఎండలో తిప్పారా అమ్మా? ఇంట్లోనే ఉంచమని చెప్పాం కదా?"

"అదే సేసినాను తల్లీ," అంది ఎర్నమ్మ.

వైదేహి కలం ఆగిపోయింది.

"నోపలికి రా. సిటంసేపు కూకో."

మిట్టమధ్యాహ్నం. వైదేహి వచ్చి నా కింద కూర్చుంది. చెమట కాగితం మీద బొట్లు బొట్లుగా పడింది. కాసేపటికే కళ్లు తిరిగి, గోడ పట్టుకుని బయటపడింది.

"మమ్మల్ని ఒక్క మాటడిగితే సెప్పీవోళ్లం కదమ్మా," అంది ఎర్నమ్మ. గొంతు పెంచలేదు.

ఆ నెలలోనే వైదేహి ఎర్నమ్మను ప్రణాళిక సమావేశానికి పిలిపించింది. మొదటిసారి వెనక వరసలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి పంపించారట. పక్కింటామెతో చెబుతుంటే విన్నాను. ఎర్నమ్మ మళ్లీ వెళ్లింది. మూడోసారికి వాడలోంచి ఇంకో ఐదుగురిని వెంటబెట్టుకెళ్లింది. కొత్త ప్రణాళిక కాగితం అచ్చుకు పోయేముందు తమకు చదివి వినిపించేదాకా లేవలేదు.

ఈ వేసవికి రేకుల ఇళ్లవాళ్లు మధ్యాహ్నం లోపల ఉండొద్దని రాశారు. వంతెన కింద మంచాలు వేసి, మంచినీళ్లు పెట్టారు. వాడలోని రేకులన్నిటికీ వేడి తగ్గించే తెల్లరంగు పూశారు.

రంగు ఆరాక వైదేహి వచ్చి నా కింద కూర్చుంది. "కొంచెం నయంగా ఉంది కదమ్మా?"

"ఉంది తల్లీ. కూకో, ఇప్పుడే వత్తాను."

ఎర్నమ్మ బయటికి వెళ్లి, గోడకు ఆనుకుని ఎండలోనే కూర్చుంది. లోపలామెకు వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాకు వినపడింది.