ఎర్ర చుక్క లేని కార్డు

నేను ఒక టేకు పెట్టెను. నా కడుపులో నాలుగు వందల పన్నెండు కార్డులున్నాయి. వాటిలో ఒకటి ఈ పూట ఒక అమ్మాయి కొంప ముంచబోతోంది. అది ఏ కార్డో ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు.

గోడ గడియారంలో పదకొండయింది.

"ఏటమ్మా హైమా, పన్నెండు పేజీల బులెటిన్‌లో నలభై ఒకటో పేజీ ఎలా చదివీసావు? దివ్యదృష్టి గానీ ఉందేటి నీకు?" అన్నారు జోగారావు మాస్టారు. భూగోళశాస్త్ర విభాగంలో ఆయన నోటికి జడవని వారు లేరు.

యడ్ల హైమవతి నవ్వలేదు. ఆరేళ్లపాటు సముద్రం ఒడ్డున ఊరూరా తిరిగి, బావి నీళ్లు సీసాల్లో పట్టి, ఉప్పు కొలిచి రాసిన థీసిస్ ఆమెది. పరీక్షకుడు అంతా మెచ్చుకుని, నూట మూడో పేజీ దగ్గర ఆగిపోయాడు. అక్కడ "తీరంలో నూటికి ముప్పై ఎనిమిది బావులు ఉప్పుదేరాయి" అనే వాక్యం పక్కన బ్రాకెట్లో పి. వి. రావు, 1978, పేజీ 41 అని ఉంది. ఆయన ఆ రావు రాసిన బులెటిన్ తెప్పించి చూశాడు. అందులో ఉన్నవే పన్నెండు పేజీలు. 'లేని ఆధారం కల్పించారు' అని నివేదిక పంపాడు. మూడు గంటలకు విచారణ సంఘం కూర్చుంటుంది. సంఘం కూడా అదే మాట అంటే థీసిస్ రద్దు, ఆరేళ్లూ రద్దు.

"నేనేటీ కల్పించలేదు మేడమ్," అంది హైమవతి.

ఆ మాట అన్నది తన గైడు, ప్రొఫెసర్ చోడవరపు భ్రమరాంబతో. ఆమె నా యజమానురాలు.

నేను పుట్టింది విశ్వవిద్యాలయం వడ్రంగి షెడ్డులో. మొదట లైబ్రరీలో, పుస్తకాలిచ్చే అచ్యుతంగారి బల్ల మీద ఉండేదాన్ని. పుస్తకం తీసుకున్నవాడి కార్డును ఆయన నాలో వేసి, వాడు తిరిగొచ్చేదాకా నమ్మేవారు కాదు. కొత్త బీరువాలు వచ్చాక నన్ను మెట్ల కింద పారేశారు. అక్కడి నుంచి దుమ్ము దులిపి తెచ్చుకున్నది భ్రమరాంబ. అప్పుడామె కూడా పరిశోధక విద్యార్థినే. చదివిన ప్రతి పుస్తకానికీ ఒక కార్డు రాసేది: పేరు, సంవత్సరం, పేజీ. తన కళ్లతో చూసిన పుస్తకమైతే కార్డు మూలన ఎర్ర సిరాతో చుక్క పెట్టేది. రాసేటప్పుడు నాలో బొటనవేలు ఆడించి, క్షణంలో కావలసిన కార్డు పైకి లాగేది. ఆ బొటనవేలికి నేనొక్కదాన్నే అనుకున్నాను. ముప్పై ఏళ్లు అలాగే అనుకున్నాను.

తర్వాత సవతి వచ్చింది.

హైమవతి లాప్‌టాప్‌లో ఉంటుంది అది. రిఫరెన్సుల సాఫ్ట్‌వేరట. ఒక మీట నొక్కితే వాక్యం పక్కన బ్రాకెట్టూ, పేరూ, కామా, సంవత్సరమూ వచ్చి కూర్చుంటాయి. చివర జాబితా దానంతటదే వరస కడుతుంది. ఒక వేసవంతా హైమవతి నా కార్డులన్నీ దానిలోకి ఎక్కించింది. ఒక్కో కార్డు తీసి, చూసి, ముద్దుగా తిరిగి పెడుతుంటే నన్నే ప్రేమిస్తోందనుకున్నాను. పని అయిన మర్నాడు నా మూత మీద లాప్‌టాప్ పెట్టింది. మెడ నొప్పి పుట్టకుండా ఎత్తు కోసమట! రెండేళ్లుగా సవతిని నెత్తిన మోస్తున్నాను.

అందుకే ఈ ఉదయం జోగారావు మాస్టారు దాని మీద విరుచుకుపడితే నా కీళ్లన్నీ సంతోషంతో కిర్రుమన్నాయి.

"దానికి మన పేర్లేటి తెలుస్తాయి? కందాళ వెంకటరమణ రావునీ, మంత్రిప్రగడ శేషగిరి రావునీ ఒకే గాటన కట్టీసి, అందరినీ రావు చేసి పారీసింది. దాని మీదకి తోసీండి, గొడవొదిలిపోద్ది!"

"అది మొదట్లో మాస్టారూ. రెండు నెలలు కూర్చుని ఇంటిపేర్లన్నీ నేనే దిద్దాను. ఈ పి. వి. రావు కార్డులో ఉన్నట్టే ఉన్నాడు," అంటూ హైమవతి తెర తిప్పింది. ఆ పద్దు కింద ఆమె రాసుకున్న గుర్తు: కార్డు నంబరు 219.

పొద్దున్నుంచి నాకొక్కదానికే తెలిసిన కార్డు అదే.

మధ్యాహ్నం పిల్ల అన్నానికి వెళ్లాక భ్రమరాంబ లాప్‌టాప్‌ను తీసి కుర్చీలో పెట్టింది. ఎన్నాళ్లకో నా మూత తెరిచింది. బొటనవేలు దారి మరచిపోలేదు. 219 పైకి వచ్చింది. ఆమె చేతిరాతే. పి. వి. రావు, 1978, పేజీ 41. మూలన చుక్క లేదు.

చుక్క ఎందుకు లేదో నాకు తెలుసు. ఆ బులెటిన్ అప్పట్లో లైబ్రరీలో దొరకలేదు. ఒక సీనియర్ థీసిస్‌లో, నలభై ఒకటో పేజీలో, ఆ రావు పేరుతో ఆ వాక్యం కనిపించింది. ఆమె రావు పేరు రాసుకుని, పక్కన ఆ థీసిస్ పేజీ నంబరు వేసుకుంది. బులెటిన్ దొరికాక సరిచూద్దామనుకుంది. దొరకలేదు. గడువు వచ్చేసింది. తన థీసిస్‌లో అలాగే వాడేసింది. ఎవరూ అడగలేదు. పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఈ గదీ వచ్చింది.

ఎర్ర చుక్క ఎక్కించుకోవడానికి సవతి దగ్గర గడి లేదు. ఆ చుక్కకు అర్థమేమిటో పిల్లకు ఎవరూ చెప్పనూ లేదు. ఇదంతా తెలిసి, దోషం దాని మీద పడుతుంటే నేను కులికాను. నాకు నోరు లేదు కాబట్టి అబద్ధమాడలేదు, అంతే.

భ్రమరాంబ కార్డును మళ్లీ నాలో దాచి మూత వేసింది. చాలాసేపు మూత మీద చెయ్యి తియ్యలేదు. ఆ స్పర్శ కోసం రెండేళ్లు ఏడ్చాను. ఇప్పుడా చెయ్యి నా మూతను అదిమి పట్టుకుంది.

మూడింటికి నన్నూ, ఒక పాత అట్టల పుస్తకాన్నీ చంకనెత్తుకుని సంఘం గదిలోకి వెళ్లింది. లాప్‌టాప్ హైమవతి సంచిలో ఉంది. నేను బల్ల మీద ఉన్నాను. ఇంకో రోజైతే పండగ చేసుకునేదాన్ని.

"సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందంటారా?" అడిగాడు అధ్యక్షుడు. "అది పేజీ నంబర్లు పుట్టించదు కదమ్మా."

హైమవతి లేచి నిలబడింది. మేడమ్ వైపు చూడలేదు. కార్డు మాట ఎత్తితే మేడమ్ ఇరుక్కుంటారని ఆమెకూ తెలుసు.

"సాఫ్ట్‌వేర్ తప్పు కాదు సార్. నేనే సరిచూసుకోలేదు. తప్పు నాదే."

అధ్యక్షుడు కలం తీశాడు.

"ఆగండి," అంది భ్రమరాంబ.

నా మూత తెరిచింది. 219ని తీసి ఆయన ముందు పెట్టింది. ఆ వెనకే, దుమ్ము పట్టిన తన 1994 నాటి థీసిస్‌ను నూట పద్దెనిమిదో పేజీ దగ్గర తెరిచింది. అదే వాక్యం, అదే రావు, అదే నలభై ఒకటి.

"ఈ పిల్ల నా కార్డుని నమ్మింది, అంతే. నేను ఆ బులెటిన్ కళ్లతో చూడలేదు సార్. చూసినట్టు రాశాను."

"అంటే మేడమ్... రికార్డులో ఎవరి పేరు రాయమంటారు?"

ఆమె తన థీసిస్‌లోని ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"బ్రాకెట్లో రాయండి. చోడవరపు భ్రమరాంబ, కామా, 1994."